లాలమ్మ మున్సిపాలిటీ

ఆ రోజుల్లో కెనడాలోని ఎటోబికోలో తెలుగు పిల్లలు ఎంతమంది ఉండేవారంటే, ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళే బస్సెక్కి "అన్నా" అని పిలిస్తే సగం బస్సు వెనక్కి తిరిగేది. ఒక్కో బేస్‌మెంటులో ఏడెనిమిది మంది ఉండేవారు. పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌసు, మధ్యలో ఎప్పుడు వీలైతే అప్పుడు నిద్ర. అన్నం వండుకునే ఓపిక వాళ్ళకి ఉండేది కాదు. వండుకున్నా, దాన్ని అన్నం అనడానికి మనసొప్పేది కాదు. అలాంటి పిల్లల్ని ఆ రెండు మూడేళ్ళూ బతికించింది శాంత గారి కిచెన్.

కిచెన్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. టైర్ల షాపు వెనక అద్దెకు తీసుకున్న ఒక పొడుగాటి గది. రెండు పెద్ద పొయ్యిలు, ఒక పాత ఫ్రిజ్, గోడవారగా సోనా మసూరి బస్తాలు. పొద్దు వాలేసరికి పిల్లలు డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడేవారు. శాంతకి అరవై దగ్గర పడుతున్నాయి. తెనాలి మనిషి. మాట కారం, చెయ్యి ధారాళం. "నిన్న డబ్బా కడక్కుండా తెచ్చింది ఎవర్రా? మీ ఇంట్లో నీళ్ళకి కరువొచ్చిందా?" అని అరుస్తూనే, ఆ అరుపు తిన్న వాడి డబ్బాలో ఇంకో గరిటె పప్పు వేసేది.

ఆ కిచెన్‌లో రెండో మనిషి ఎవులాలియా. మెక్సికోలో వహాకా అనే రాష్ట్రం ఆవిడది. పిల్లలకి ఆ పేరు నోరు తిరక్క లాలమ్మ అయిపోయింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నల్లటి జడ రెండు పాయలు చేసి వెనక ముడేస్తుంది. భర్త పుట్టగొడుగుల ఫారంలో పనికి వచ్చి, పేపర్లు సంపాదించి, భార్యని తెచ్చుకుని, ఆ తరవాత ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం కూడా సంపాదించుకున్నాడు. లాలమ్మ అతని గురించి అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, శాంత అడగలేదు.

వాళ్ళిద్దరినీ కలిపింది పచ్చిమిరపకాయలు. భర్త కోటేశ్వరరావు పోయిన కొత్తలో, ఇంట్లో ఊసుపోక నలుగురు కాలేజీ పిల్లలకి వండిపెడుతున్న రోజుల్లో, శాంత కూరగాయల షాపుకి వెళ్ళింది. అక్కడ ఒకావిడ మిరపకాయల్ని ఒక్కొక్కటే తీసి, తొడిమె దగ్గర వాసన చూసి, కొన్నిటిని సంచిలోనూ కొన్నిటిని వెనక్కీ వేస్తోంది. మిరపకాయ వాసన చూసి కొనే మనిషిని శాంత కెనడాలో అంతవరకు చూడలేదు. "ఏది కారం?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ ఒక కాయ తీసి శాంత చేతిలో పెట్టింది. ఇంటికెళ్ళి పచ్చడి నూరితే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మర్నాడు ఆ పచ్చడి గిన్నెలో పెట్టుకుని, అదే షాపుకి అదే వేళకి వెళ్ళి నిలబడింది శాంత.

గిన్నె తిరిగొచ్చింది, కానీ ఖాళీగా రాలేదు. అందులో కాల్చిన టమాటాలతో నూరిన ఇంకో పచ్చడి ఉంది. "ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మా అమ్మ చెప్పేది," అంది శాంత సంతోషంగా. లాలమ్మ ఊళ్ళో కూడా అంతే, ఇంకాస్త ఎక్కువే. అక్కడ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడూ పూర్తిగా తేల్చెయ్యరు. ఇటువైపో అటువైపో కొంచెం మిగల్చాలి. లెక్క తేలిపోతే చుట్టరికం తేలిపోయినట్టే అంటారట. ఆ కొంచెం మిగలడంతోనే వాళ్ళ స్నేహం నడిచి నడిచి, టైర్ల షాపు వెనక కిచెన్ దాకా వచ్చింది. ఇద్దరి మధ్యా నడిచే భాష సగం ఇంగ్లీషు, కొంత తెలుగు, కొంత స్పానిష్, మిగతాది చేతులు.

లాలమ్మ తరచు తన మున్సిపాలిటీ గురించి చెప్పేది. దాని పేరు సాంతా ఇనేస్ యుకువీ. వాళ్ళ రాష్ట్రంలో ఊళ్ళ పేర్లన్నీ అలాగే, ముందు ఒక పునీతుడి పేరో పునీతురాలి పేరో, వెనక ఒక కొండ పేరో వాగు పేరో. ముందుది చర్చి వాళ్ళు పెట్టింది, వెనకది తాతలు పెట్టింది. మున్సిపాలిటీ అన్న మాట వినగానే శాంతకి తెనాలి కళ్ళ ముందు మెదిలేది. మూడు కాలువలు, సినిమా హాళ్ళు, ఛైర్మన్ గారి తెల్ల కారు. ఒకరోజు లాలమ్మ ఫోనులో ఫొటో చూపించింది. కొండ వాలులో ఒక చర్చి, తోరణాల వరండా ఉన్న ఒక చిన్న ఆఫీసు, రేకుల కప్పు కింద ఒక బాస్కెట్‌బాల్ కోర్టు, రెండు వీధులు, ఒక కుక్క.

"మిగతా మున్సిపాలిటీ ఏదీ?" అంది శాంత.

"ఇంతే," అంది లాలమ్మ. "మా రాష్ట్రంలో ఇలాంటివి ఐదు వందల పైనే ఉన్నాయి."

"ఇది మున్సిపాలిటీ అయితే మా అమ్మమ్మ గారి వీధి కార్పొరేషన్ అవ్వాలి," అని శాంత ఏడిపించేది. లాలమ్మ నవ్వేది కానీ, ఆ ఫొటోని జాగ్రత్తగా తుడిచి మరీ ఫోను జేబులో పెట్టుకునేది.

ఆ ఏడాది అక్టోబరులో, ఒక సోమవారం, ఉల్లిపాయలు తరుగుతూ లాలమ్మ మామూలుగా ఒక మాట అంది. నిన్న ఊరి సభ జరిగిందట. బాస్కెట్‌బాల్ కోర్టులో అందరూ చేరి, వచ్చే ఏడాదికి ప్రెసిడెంటుగా తన పేరుకి చేతులెత్తారట.

డబ్బాలు తుడుస్తున్న రేవంత్ చేతిలో గుడ్డ జారిపోయింది. రేవంత్‌ది జగిత్యాల దగ్గర పల్లె. కాలేజీ లేనప్పుడు బోర్డులు ప్రింట్ చేసే షాపులో పార్ట్‌టైమ్ చేస్తాడు, ఆకలేసినప్పుడల్లా శాంత కిచెన్‌లో తేలతాడు.

"ఆంటీ, ఇన్నరా? ప్రెసిడెంటంట! అంటే మన సర్పంచ్! కాదు కాదు, మున్సిపాలిటీ అంటున్నరు, ఇంకా పెద్దది! ఆంటీ, మా పెదనాయిన సర్పంచ్ కోసం రెండెకరాలు అమ్మిండు. ఇంటింటికి తిరిగి కాళ్ళు మొక్కిండు. అయినా ఓడిండు. లాలమ్మకు ఈడ కూసుంటేనే ఇచ్చిండ్రు!"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడకి ఊరు ఊరంతా పెట్టింది," అంది శాంత మురిసిపోతూ. ఏదో గౌరవానికి ఇచ్చిన పదవనుకుంది. మన సంఘాల్లో గౌరవాధ్యక్షులుండరూ, ఏడాదికోసారి శాలువా కప్పించుకుని వెళ్ళిపోతారు, అలాంటిదని. లాలమ్మ ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే, ఉల్లిపాయలు కదా అనుకున్నారు.

తెలుగువాడి సంతోషం నోటితో చెబితే తీరదు, ఫ్లెక్సీ పడాలి. రేవంత్ వాళ్ళ షాపు ఓనరుని బతిమాలి, మిగిలిపోయిన పెద్ద షీటు మీద ఒకటి కొట్టించాడు. శనివారం సాయంత్రం దాన్ని టైర్ల షాపు గోడకి కట్టారు. మధ్యలో లాలమ్మ నవ్వు మొహం, వెనక ఉదయిస్తున్న సూర్యుడు, పక్కన రెండు పావురాలు. "సాంతా ఇనేస్ యుకువీ మున్సిపల్ ప్రెసిడెంటుగా ఏకగ్రీవంగా ఎన్నికైన మా లాలమ్మ గారికి హార్దిక శుభాకాంక్షలు. ఇట్లు, ఎటోబికో యువసేన." కింద వరసగా పిల్లల ఫొటోలు. అందులో నల్లద్దాలు పెట్టుకున్న రేవంత్ మొహం లాలమ్మ మొహం కంటే కాస్త పెద్దదే.

"ఎన్నికైంది ఆవిడా, నువ్వా?" అంది భవిత. భవిత రాజమండ్రి పిల్ల, పిల్లలందరిలోకీ తక్కువ మాట్లాడేది, మాట్లాడితే సూటిగా మాట్లాడేది.

చలిలో డప్పులు లేవని పెద్ద గిన్నెలు బోర్లించి వాయించారు. ప్లాస్టిక్ బంతిపూల దండ వేశారు. శాంత స్వయంగా బొబ్బట్లు చేసింది. లాలమ్మ దండతో నిలబడి ఆ ఫ్లెక్సీ వంక చూసింది. తన పేరు అంత పెద్ద అక్షరాల్లో, అదీ తను చదవలేని అక్షరాల్లో. చూస్తూ చూస్తూ అక్కడున్న టైరు మీద కూర్చుండిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

గిన్నెల మోత ఆగింది. భవిత వెళ్ళి పక్కన కూర్చుని మెల్లగా అడిగితే, అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. వాళ్ళ ఊళ్ళో పదవంటే పెత్తనం కాదట, వంతు. ఎవరూ నిలబడరు, ఎవరూ అడగరు. అడిగినవాడికి అసలే ఇవ్వరు, వాడికేదో ఆశ ఉందని అనుమానిస్తారు. అక్కడున్నప్పుడు ముందు బడి కమిటీలో, తరవాత ఆసుపత్రి కమిటీలో లాలమ్మ తన వంతు చేసింది. ఇప్పుడు పెద్ద వంతు వచ్చింది. జనవరి ఒకటికల్లా ఊళ్ళో ఉండాలి. ఏడాది పాటు చెయ్యాలి. జీతం లేదు, కారు లేదు. ఊరు పిలిస్తే ఏ దేశంలో ఉన్నా రావాలి. రాకపోతే ఆ ఇంటి వాళ్ళు ఊరివాళ్ళు కారు. తల్లి ఒక్కతే ఉంది అక్కడ.

మన పిల్లలు దండ వేసి, గిన్నెలు వాయించి, పండగ చేసుకుంది ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళాల్సిన కబురుకని అప్పుడు అర్థమైంది. రేవంత్ ఫ్లెక్సీ వైపు చూడలేక బూట్ల వైపు చూశాడు.

శాంత మాత్రం ఏడాది అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఏడాది! ఆ కిచెన్ నడిచేది రెండు జతల చేతుల మీద. పొద్దున తలుపు తీసేసరికి లోపల్నుంచి వచ్చే కాల్చిన మిరపకాయ వాసన, "శాంతమ్మా, ఉప్పు చాలు" అనే గొంతు, సాయంత్రం ఇద్దరూ రెండు బస్తాల మీద ఎదురెదురుగా కూర్చుని తాగే టీ. కోటేశ్వరరావు పోయాక ఆ టీ వేళ గడవడం శాంతకి ఎంత కష్టమైందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఆ టీ ఒక్కతే తాగాలా? ఆ మాట పైకి అనలేదు. పైకి అన్నది వేరే.

"ఇదేం వెట్టిచాకిరీ? పిలవగానే పరిగెత్తడానికి నువ్వేమన్నా వాళ్ళ జీతగత్తెవా? రానని చెప్పెయ్యి."

జరిమానా కడితే తల్లిని ఊళ్ళోంచి వెలెయ్యరని, ఊరు మళ్ళీ సభ పెట్టి ఇంకొకరిని ఎన్నుకుంటుందని లాలమ్మ చెప్పింది. నవంబరు ఆఖరి ఆదివారం సభ ఉంది. ఆ లోపల కబురు చెయ్యాలి.

"ఇంకేం! జరిమానా నేను కడతాను. నువ్వు నిశ్చింతగా ఉండు," అంది శాంత.

లాలమ్మ ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. "సరే శాంతమ్మా," అంది.

ఆ తరవాత శాంత ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళకీ ఈ కథ చెప్పింది. గుళ్ళో పద్మిని గారికి చెప్పింది, కిరాణా షాపులో త్యాగరాజు గారికి చెప్పింది. "పాపం, ఎంత ఏడ్చిందో! నేను గనక అడ్డం పడ్డాను" అని. కందకి లేని దురద కత్తిపీటకి అన్నట్టు ఆవిడ ఎంత గింజుకుంటోందో, లాలమ్మ అంత నిశ్శబ్దంగా ఉంది. పని ఎప్పటిలాగే చేస్తోంది. పచ్చడిలో ఉప్పు ఎప్పటిలాగే సరిపోతోంది. "ఉప్పు చాలు" అనడం మాత్రం మానేసింది.

"ఆంటీ," అంది భవిత ఒకరోజు క్యారెట్లు తురుముతూ. "లాలమ్మ ఏడ్చారు, నిజమే. ఎందుకేడ్చారో మీరు అడిగారా?"

"అడగాలా? కళ్ళు లేవా నాకు? క్యారెట్ చూసుకో, వేలు తెగుతుంది," అని కసిరింది శాంత. ఆ రాత్రి ఎందుకో ఆవిడకి అన్నం సహించలేదు.

సభకి ముందురోజు శనివారం. సాయంత్రం లాలమ్మ ఊరికి ఫోను చేసి రానని చెప్పాలి. ఎవరిదో సీమంతానికి పులిహోర ఆర్డరు ఉందని శాంత ఆ పొద్దున మామూలు కంటే ముందే వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. తలుపు కొంచెం తీసేసరికి లాలమ్మ గొంతు వినిపించింది. ఫోనులో మాట్లాడే గొంతు కాదు. గట్టిగా, నిలకడగా ఉంది.

శాంత సందులోంచి చూసింది. లాలమ్మ బియ్యం బస్తాల ఎదురుగా నిటారుగా నిలబడి ఉంది. మెడలో ఆ ప్లాస్టిక్ బంతిపూల దండ. కుడిచేతిలో పులిహోర కలిపే పొడుగాటి కర్ర తెడ్డు. శాంత పెళ్ళప్పుడు అత్తగారు ఇచ్చిన తెడ్డు, తెనాలి నుంచి ఇంతదూరం వచ్చింది. దాన్ని లాలమ్మ నేలకి ఆనించి, నిలువుగా పట్టుకుంది. ఫొటోల్లో వాళ్ళ ఊరి ప్రెసిడెంట్లు పదవికి గుర్తుగా ఇచ్చే చేతికర్ర పట్టుకునేది సరిగ్గా అలాగే. ఆ కర్ర అందుకున్న రోజున ఊరి ముందు నాలుగు మాటలు చెప్పాలని లాలమ్మ ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు బస్తాలకి ఆ నాలుగు మాటలూ చెబుతోంది, ఇంగ్లీషూ స్పానిషూ కాని తన కొండ భాషలో. ఒకచోట ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. శాంతకి ఒక్క ముక్క అర్థం కాలేదు. యుకువీ అన్న మాట తెలిసింది. ఇంకాస్త సేపటికి ఇంకో మాట తెలిసింది. శాంతమ్మ.

శాంత చప్పుడు కాకుండా తలుపు వేసి బయటికొచ్చి నిలబడింది. చలికి చెవులు మండుతున్నాయి. సిగ్గుకి మొహం మండుతోంది. ఆ రోజు టైరు మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు ఏమిటో ఇప్పుడు తెలిసింది ఆవిడకి. వెళ్ళాలని ఉన్న మనిషి, ఇక్కడివాళ్ళని వదల్లేక ఏడ్చిన ఏడుపది. దాన్ని తను ఓదార్చింది. ఓదార్చి, వెళ్ళనివ్వకుండా జరిమానా కూడా కడతానంది. అందరికీ చెప్పుకుని మెప్పు కూడా తీసుకుంది. ఛీ, అనుకుంది శాంత. ముసలితనం వచ్చింది గానీ బుద్ధి రాలేదు.

ఈసారి తలుపు ధడాలున తీసింది. లాలమ్మ ఉలిక్కిపడి తెడ్డు వీపు వెనక దాచింది. దండ దాచడం మర్చిపోయింది.

"ఏం చెబుతున్నావు నా బియ్యానికి?"

"ఏం లేదు శాంతమ్మా."

"నాకూ చెప్పు. నేనూ వింటాను."

లాలమ్మ తెడ్డు మళ్ళీ ముందుకి తెచ్చి నేలకి ఆనించింది. తరవాత మెల్లగా మొదలుపెట్టింది. వాళ్ళ కొండ మీద ఊట ఉంది. ఊట నుంచి ఊళ్ళోకి వచ్చే పైపు పగిలి చాలా కాలమైంది. ఇద్దరు ప్రెసిడెంట్లు వచ్చారు, ఇద్దరూ మగవాళ్ళు. ఒకాయన బాస్కెట్‌బాల్ కోర్టుకి కప్పు వేయించాడు, ఇంకొకాయన ఆ కప్పుకి రంగు వేయించాడు. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు కాబట్టి పైపు ఎవరికీ గుర్తు రాలేదు. ఊరు పుట్టాక ఆ కర్ర ఒక ఆడదాని చేతికి రావడం ఇదే మొదలు. సభలో తన పేరు పలికినప్పుడు అమ్మ చెయ్యెత్తలేదట. రెండు చేతులతో మొహం కప్పుకుందట.

"నీలాగే," అంది శాంత. "మరి నాతో సరే అన్నావేమే? నోరు లేదూ నీకు?"

"నువ్వు భయపడ్డావు శాంతమ్మా. నేను చూశాను."

అంతే. అవును, భయపడింది. ఇన్నేళ్ళలో తన భయాన్ని చూసిన మనిషి ఈవిడొక్కతే, చూసి కప్పిపెట్టింది కూడా. శాంత దగ్గరికి వెళ్ళి లాలమ్మని గట్టిగా పట్టుకుంది. పొట్టి మనిషి కాబట్టి ఆవిడ తల శాంత భుజానికి వచ్చింది. మధ్యలో ప్లాస్టిక్ దండ పరపరలాడింది.

"భయపడితే భయపడ్డాను. భయంతో ఎవరూ చావరు. సాయంత్రం ఫోను చేసి, వస్తున్నానని చెప్పు. పైపు వేయించకుండా ఇక్కడికి వచ్చావో, గుమ్మంలోంచే తరిమేస్తాను."

"మరి కిచెన్?"

"మీ ఊళ్ళో పదవికెళ్ళిన వాళ్ళ చేలు ఏం చేస్తారు? ఎండబెడతారా?"

"పక్కవాళ్ళు దున్నుతారు," అంది లాలమ్మ. తరవాత, ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు ఆదివారం. అక్కడ కొండ మీద సాంతా ఇనేస్ సభ జరుగుతుంటే, ఇక్కడ టైర్ల షాపు వెనక ఇంకో సభ జరిగింది. పిల్లలందరినీ బస్తాల మీద కూర్చోబెట్టి, లాలమ్మ వచ్చేదాకా కిచెన్ పని వంతులవారీగా చెయ్యాలని శాంత చెప్పింది. జీతం లేదు, భోజనం ఉంది. లాలమ్మ సభ నడిపించింది.

రేవంత్ వెంటనే లేచాడు. "ఆంటీ, పచ్చడి నేను చూసుకుంట. నాకు ఇడిసిపెట్టుండ్రి."

లాలమ్మ తల అడ్డంగా ఊపింది. "అడిగావు. నీకు ఇవ్వం."

"అరె, ఇదేం రూల్ లాలమ్మా! మంచి మనసుతోని అడిగితే!"

బియ్యం బస్తా చాటున ఫోను చూసుకుంటున్న భవిత పేరు ఎవరో పలికారు. చేతులన్నీ లేచాయి. ఆ పిల్ల బిత్తరపోయి, "నాకు పచ్చడి రాదు, నాకు కాలేజీ కో-ఆప్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలున్నాయి" అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. రేవంత్‌కి అన్నిటికంటే చిన్న పదవి వచ్చింది, నేల తుడవడం, చెత్త బయట పెట్టడం. వాళ్ళ ఊళ్ళో ప్రెసిడెంట్లందరూ అక్కడ్నుంచే మొదలుపెడతారని లాలమ్మ చెప్పింది. పెదనాయిన రెండెకరాలు అమ్మినా దొరకని రాజకీయ జీవితం రేవంత్‌కి అలా చీపురుతో మొదలైంది.

డిసెంబరులో, మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం లాలమ్మ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో శాంత ఏడవలేదు. ఊరగాయ సీసాకి మూత సరిగ్గా బిగించావా లేదా అని మూడుసార్లు అడిగింది, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావని నాలుగుసార్లు అడిగింది. ఇంటికొచ్చాక టీ పెట్టుకుని, తాగకుండా పారబోసింది.

ఆ మర్నాడే ఇంకో గొడవ. తెడ్డు కనిపించలేదు. శాంత కిచెన్ అంతా తలకిందులు చేసింది. "అది మా అత్తగారిచ్చింది! దేశాలు దాటి వచ్చిన తెడ్డు, మీ చేతుల్లో పడి నాలుగు రోజులు నిలవలేదు!" నేల తుడిచేది రేవంత్ కనక నేరం రేవంత్ మీద పడింది. చెత్తతో పాటు పారేశాడని శాంత తేల్చేసింది. వాడు దేవుళ్ళందరి మీదా ఒట్టేశాడు. భవిత పచ్చడి మాడ్చిన రోజున కూడా తిట్లు రేవంత్‌కే పడ్డాయి, అలవాటు మీద.

జనవరి రెండో తారీఖున ఫోను మోగింది. లాలమ్మ ఫొటో పంపింది. పిల్లలంతా శాంత భుజాల మీదుగా తలలు పెట్టి చూశారు.

తోరణాల వరండా ముందు విందు జరుగుతోంది. పొయ్యి మీద పెద్ద గంగాళం. దాని చుట్టూ పొట్టిగా, గట్టిగా ఉన్న ఆడవాళ్ళు, అందరివీ రెండు పాయల జడలే. ఎండ పడకుండా పైన నాలుగు కర్రలకి ఏదో కట్టారు. చూస్తే మన ఫ్లెక్సీ. హార్దిక శుభాకాంక్షలు. సూర్యుడు, పావురాలు, ఎటోబికో యువసేన. సరిగ్గా గంగాళం మీద, నల్లద్దాలతో, రేవంత్.

"నా ఫొటో మెక్సికోల పడ్డది ఆంటీ!" అని వాడు ఎగిరి గంతేశాడు.

శాంతకి అదేమీ వినిపించలేదు. ఆవిడ లాలమ్మని చూస్తోంది. మెడలో ప్లాస్టిక్ బంతిపూల దండ. రంగు రిబ్బన్లు కట్టిన ఊరి చేతికర్రని పక్కనే నిలబడ్డ ముసలావిడ, తల్లే అయ్యుంటుంది, రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంది. ప్రెసిడెంటు గారి చేతులు ఖాళీగా లేవు మరి. గంగాళంలో ఊరంతటికీ వండిన కూరని ఆవిడ వంగి కలుపుతోంది. కలిపేది కర్ర తెడ్డుతో. పిడి దగ్గర కొంచెం కాలిన మచ్చ. శాంత మొదటి పులిహోర నాడు పడిన మచ్చ అది.

"దొంగముండ," అంది శాంత. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు దొరకలేదు, స్వెట్టర్ చెయ్యి దొరికింది. రేవంత్‌ని దగ్గరికి లాక్కుని నెత్తిన ఒక్కటిచ్చి, ఆ నెత్తినే నిమిరింది.

ఫొటో కింద ఒక వాయిస్ మెసేజ్ ఉంది. బ్యాండు మోత, కుక్క అరుపు, వాటి మధ్య ఆ గొంతు.

"శాంతమ్మా, తెడ్డు నా దగ్గర ఉంది. ఇవ్వలేదు. మిగిలింది."